ఎంతుందో చెప్పి అడగండి

(తిరుపతిలో సర్పంచులు, వార్డు సభ్యులు, మహిళా సమాఖ్యల ప్రతినిధులు పాల్గొన్న ఒక సభలో పంచాయతీరాజ్ శాఖ విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పల్లెల నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన సర్పంచులకు, వార్డు సభ్యులకు, సమాఖ్యల అక్కచెల్లెళ్లకు నమస్కారం. స్థానిక ఆర్థిక నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా, తర్వాత విస్తరణాధికారిగా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన నేను ఈ భాగస్వామ్యం అనే మాటను సర్క్యులర్లలో లెక్కలేనన్నిసార్లు చదివాను గానీ, గ్రామసభలో కళ్లారా చూసిన సందర్భాలను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలను. అలా ఎందుకు జరిగిందో పదవీ విరమణ తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నాకు ఒకే ఒక్క కారణం ప్రధానంగా కనిపించింది. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

మనం జనాన్ని పిలిచి “మీకేం కావాలి?” అని అడుగుతాం. చేతిలో ఎంత డబ్బు ఉందో మాత్రం చెప్పం. ఎంతుందో తెలియనివాడు కోరికలు చెప్పగలడు గానీ నిర్ణయం చేయలేడు. కాలువ, రోడ్డు, వాటర్ ట్యాంకు, సామాజిక భవనం, వీధి దీపాలు అని వరుసగా చెప్పుకుపోతాడు, మనం రాసుకుపోతాం, ఆ జాబితాలో నుంచి మనకు నచ్చిన పని ఏదో ఒకటి చేసి “గ్రామసభ తీర్మానం ప్రకారం” అని కాగితం మీద రాస్తాం. అంతా చట్టబద్ధంగానే జరిగినట్టు ఉంటుంది, కానీ నిర్ణయం మాత్రం ఆ సభలో జరిగి ఉండదు.

ప్రజలకు చైతన్యం లేదని, అందుకే సభలకు రారని మా శాఖలో ఒక స్థిరమైన అభిప్రాయం ఉండేది. నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. అయితే ఈ హాల్లో కూర్చున్న పొదుపు సంఘాల ఆడవాళ్లను చూడండి. పది మంది చాప మీద కూర్చుంటారు, పుస్తకం తెరుస్తారు, సంఘంలో ఇంత పొదుపు ఉంది, బ్యాంకు అప్పు ఇంత వచ్చింది, పోయిన నెల ఫలానా ఇద్దరు కంతు కట్టలేదు అని బయటికి చదువుతారు, ఆ తర్వాత ఈసారి అప్పు ఆవు కొనడానికి అడిగిన ఆమెకు ఇవ్వాలా, కూతురి కాలేజీ ఫీజుకు అడిగిన ఆమెకు ఇవ్వాలా అని గంటసేపు వాదించుకుని ఒక మాట మీదికి వస్తారు. ఇంతకంటే కష్టమైన ఆర్థిక నిర్ణయం ఏముంటుంది? అదే ఆడవాళ్లు మరునాడు గ్రామసభకు వచ్చి వెనక వరుసలో కొంగు కప్పుకుని మౌనంగా కూర్చుని, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఒక్క రాత్రిలో వాళ్ల చైతన్యం ఎక్కడికీ పోలేదు. సంఘం పుస్తకం వాళ్ల ముందు తెరుచుకుని ఉంటుంది, పంచాయతీ పుస్తకం బీరువాలో ఉంటుంది, అంతే తేడా.

మన ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. చిత్తూరు సీమంతా గొలుసుకట్టు చెరువుల సీమ. పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్లు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. వానలు తగ్గిన ఏడాది చెరువు కట్ట మీద రైతులు కూడేవారు. తూము దగ్గర నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందరికీ కంటికి కనిపించేది కాబట్టి, ఈసారి ఏ కయ్యలకు వరి, ఏ కయ్యలకు మెట్ట పంట, నీళ్లు పంచే నీరుగంటి ఏ వరుసలో మడవలు తిప్పాలి అన్నది అక్కడికక్కడే తేలేది. తగాదాలు రాకపోలేదు, తలలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. కానీ చెరువులో నీళ్లు లేకపోయినా ఉన్నాయని గానీ, ఉండి కూడా లేవని గానీ ఎవరూ చెప్పలేకపోయేవారు. డబ్బుకు ఆ గుణం లేదు. పంచాయతీ ఖాతాలో ఎంతుందో కట్ట మీద నిలబడి చూస్తే కనపడదు.

అలాగని పాత రోజులను నెత్తిన పెట్టుకోవలసిన పని కూడా లేదు. కట్ట మీద మాట్లాడే హక్కు ఆయకట్టులో భూమి ఉన్నవాడిదే. ఆ చెరువు పూడిక తీసినవాడికి, కట్ట తెగితే రాత్రికి రాత్రి గంపలతో మట్టి మోసినవాడికి, కట్ట కింద సెంటు భూమి లేకపోతే, నోరు లేదు. 1997లో రాష్ట్రం సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకునే చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. చాలా కాలం ఎన్నికలు లేకుండా ఉన్న ఆ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మంచిదే. కానీ అవి కూడా సాగుదారుల సంఘాలే. చెరువులో చేపలు పట్టేవారికీ, పశువులకు నీళ్లు తాపేవారికీ, ఆ చెరువు నిండితేనే బోర్లలో నీళ్లు ఊరే పక్క వీధి వాళ్లకూ ఆ లెక్కలో చోటు ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

జిల్లా సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళితే ఉత్తరమేరూరు ఉంది. పదో శతాబ్దంలో, మొదటి పరాంతక చోళుడి కాలంలో, అక్కడి సభ తన సంఘాల సభ్యులను ఎలా ఎంచుకోవాలో గోడ మీద చెక్కించుకుంది. తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించే పద్ధతి గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే ఎక్కువగా నచ్చే నిబంధన ఇంకొకటి ఉంది. ఇంతకుముందు ఏదైనా సంఘంలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు, వాడి దగ్గరి బంధువులు ఎంపికకు అనర్హులని అందులో రాశారు. అది బ్రాహ్మణ భూస్వాముల సభ, మన అర్థంలో ప్రజాస్వామ్యం కాదు. అయినా లెక్క చెప్పనివాడికి రెండోసారి చోటు లేదన్న మాటను వెయ్యేళ్ల కిందట రాతి మీద రాసుకున్నారు. మనం కాగితం మీద కూడా గట్టిగా రాసుకోలేకపోతున్నాం.

నిజానికి చట్టంలో లోటు పెద్దగా లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు పదకొండో షెడ్యూలులో చేరాయి, వ్యవసాయం నుంచి చిన్న పరిశ్రమల దాకా, మార్కెట్లు, సంతల దాకా అందులో ఉన్నాయి. 1994 నాటి మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గడిచిన ఏడాది పరిపాలన నివేదిక, రాబోయే పనుల కార్యక్రమం, కొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందు పెట్టాలి. ఇందులో మొదట చెప్పింది లెక్కల గురించే అన్న సంగతి గమనించండి. చట్టం రాసినవారికి వరుస తెలుసు. ముందు లెక్క, తర్వాతే కోరిక. మనమే ఆ వరుసను తలకిందులు చేశాం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి, దాన్ని రికార్డుగా చెప్పుకున్నాం. అంత పెద్ద ఎత్తున జనాన్ని కూర్చోబెట్టగలిగిన ప్రభుత్వ యంత్రాంగం, అంతే ఎత్తున ప్రతి ఊరి లెక్కనూ ఆ ఊరి గోడ మీద రాయించగలదన్నది నా నమ్మకం.

ఇక నా అనుభవం ఒకటి చెబుతాను. తూర్పు మండలాల్లో ఒక పంచాయతీ. పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో తప్పు నాదే. నేను అక్కడ మొదట పెట్టిన గ్రామసభకు పట్టుమని ఇరవై మంది రాలేదు. హాజరు పట్టీలో మాత్రం వంద దాటి సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ఎలా వచ్చాయని మీరు అడగరు, మీకు తెలుసు. సభ జరిగింది ఉదయం పదకొండు గంటలకు, కూలికి పోయేవాళ్లు చేలలో ఉండే సమయానికి, ఊరి నడిబొడ్డున రాములవారి గుడి ముందు. దళితవాడ నుంచి వచ్చిన నలుగురు వేపచెట్టు కింద, సభకు దూరంగా నిలబడ్డారు. నేను ఆ రోజు దాన్ని గమనించలేదు, గమనించినా పట్టించుకోలేదు.

మరుసటి ఏడాది ఒక యువ సర్పంచు వచ్చింది. చదువుకున్న పిల్ల, పట్టుదల ఉన్న మనిషి. “సభ బడిలో పెడదాం సార్, సాయంత్రం ఆరు తర్వాత పెడదాం, అందరూ బెంచీల మీద కూర్చుంటారు” అంది. రెండు రోజుల ముందు నుంచి చాటింపు వేయించింది. నల్లబల్ల మీద నా చేత సుద్దముక్కతో అంకెలు రాయించింది. ఆ ఏడాది కేంద్ర ఆర్థిక సంఘం నిధుల కింద ఆ ఊరికి రావలసిన మొత్తం 12,40,000 రూపాయలు. పదిహేనో ఆర్థిక సంఘం నిబంధన ప్రకారం అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం, అంటే 4,96,000 రూపాయలు, ఊరు తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఈ ముక్క బల్ల మీద చూడగానే సభలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పటిదాకా వాళ్లలో చాలామంది పంచాయతీకి కోట్లు వస్తున్నాయని, సర్పంచులు తింటున్నారని నమ్మేవారు. కొందరేమో పైసా కూడా రాదని నమ్మేవారు. రెండూ అబద్ధాలేనని సుద్దముక్క చెప్పింది.

ఆ తర్వాత జరిగిన వాదన నా ఉద్యోగ జీవితంలో నేను విన్న అత్యుత్తమ ఆర్థిక చర్చ అని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. పెద్దవీధికి సిమెంటు రోడ్డు వేయాలంటే ఆరు లక్షలని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, అంచనా చెప్పాడు. దళితవాడ శ్మశానానికి దారి వేయాలంటే మూడున్నర లక్షలు. వానాకాలంలో శవాన్ని మోకాలి లోతు బురదలో మోసుకుపోవలసి వస్తోందని ఆ వాడ నుంచి వచ్చిన ఒక పెద్దామె చెప్పింది. రోడ్డును సగం వేద్దామని ఒకరు, నీళ్ల పైపు పాతది బాగానే ఉంది కదా, ఆ డబ్బును దారికి మార్చమని ఇంకొకరు. అలా మార్చడానికి వీల్లేదని, అది కట్టుబడిన నిధి అని నేను చెబితే, “మా ఊరికి ఏది కరువో ఢిల్లీ వాళ్లకు ఎట్ల తెలుస్తుంది సామీ?” అని ఒక ముసలాయన అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. చివరికి చేతులెత్తితే పెద్దవీధిలో సగం రోడ్డుకే ఎక్కువ మంది మొగ్గారు, మిగిలిన కొద్ది డబ్బుతో శ్మశానం దారికి మట్టి తోలాలని తీర్మానమయింది.

అంటే అంకె చెప్పినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందని నేను అనడం లేదు. సభలో తలల లెక్క ఎవరిదో మాటా వాళ్లదే అవుతుంది. ఊరి భూమి, ఊరి అప్పులు, ఊరి కూలి పనులు ఎవరి చేతిలో ఉంటాయో చేతులు కూడా ఎక్కువసార్లు వాళ్లవైపే లేస్తాయి. అందుకే షెడ్యూల్డ్ కులాల వాడలకు కేటాయించిన నిధిని సభ ఓటుకు పెట్టకూడదని, ముందే విడిగా తీసి బల్ల మీద వేరే గీత గీసి రాయాలని నేను తర్వాతి ఊళ్లలో పట్టుబట్టాను. ప్రజల నిర్ణయానికి హద్దులు గీయడం ప్రజలను నమ్మకపోవడం కాదు.

కేరళ సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. 1996 ఆగస్టులో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు కేటాయించారు. ఆ ఉద్యమంలోని సభలు, శిక్షణలు, స్వచ్ఛంద కార్యకర్తలు అందరికీ తెలిసినవే. నేను మాత్రం ఒక చిన్న సంగతి పట్టుకుంటాను. రాష్ట్ర బడ్జెట్ పత్రాలకు నాలుగో అనుబంధం అని ఒకటి చేర్చి, ఏ పంచాయతీకి ఎంత అనేది పేరుపేరునా అచ్చు వేసి శాసనసభ ముందు పెట్టారు. ఊరి వాటా ఇంత అని పుస్తకంలో అచ్చయిన తర్వాత, మధ్యలో ఏ అధికారీ దాన్ని తన దయ అని చెప్పుకోలేడు.

మనకు జరిగింది అందుకు విరుద్ధం. ఆర్థిక సంఘం డబ్బు నుంచి కరెంటు బకాయిలు మినహాయించారని కొన్నేళ్ల కిందట రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. మీలో కొందరు ఆ ధర్నాల్లో కూర్చున్నారు కూడా. బకాయి కట్టాలా వద్దా అన్నది వేరే చర్చ. కానీ సభ పెట్టి, అంకె చెప్పి, పని తీర్మానించిన తర్వాత ఆ అంకే మారిపోతే, మరుసటి ఏడాది ఆ సర్పంచు ఏ ముఖంతో చాటింపు వేయిస్తుంది?

పంచాయతీ డబ్బు ఒక్కటే ఊరి ఆర్థికం కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లక్షల మంది బతుకు మామిడి మీద ఉంది. బేనీషా తినే కాయ, తోతాపురి గుజ్జు కాయ. తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీలే దిక్కు, ఇంటికి తీసుకుపోయి తినేది తక్కువ. 2025 వేసవిలో ఏం జరిగిందో మనం చూశాం. కాయ కోతకు వచ్చింది, కాయ కొనే ర్యాంపుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. పక్క రాష్ట్రం కాయ రాకుండా కట్టడి చేశారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు అని ప్రకటించారు. ప్రకటించిన ధర చేతికి రాలేదని రైతులు ఆందోళనకు దిగారు. తప్పు ఎవరిదన్న వాదనలోకి నేను పోను. కాయ ఎందుకు కొనలేమన్నదానికి పరిశ్రమ వైపు నుంచి ప్రధానంగా వినిపించిన కారణం ఒకటి ఉంది. అంతకుముందటి ఏడాది తీసిన గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో నిల్వ ఉండిపోయిందని.

ఆ నిల్వ జనవరిలోనూ ఉంది కదా! పూత నిలబడక ముందే ఉంది కదా! తోటకు మందులు కొట్టడానికి అప్పు తెచ్చే రోజున రైతుకు ఆ అంకె తెలిసి ఉంటే, అతను ఎన్ని మందులు కొట్టాలో, ఎన్ని చెట్లకు అంటు మార్చుకోవాలో, కాయను బయటి మార్కెట్‌కు ఎలా పంపాలో ముందే ఆలోచించుకునేవాడు. ధర నిర్ణయించే సమావేశంలో రైతు ప్రతినిధికి కుర్చీ వేశామంటే చాలదు. ఆ సమావేశం కాయ కోతకు వచ్చాక జరిగితే, అక్కడ కూర్చున్న రైతు చేయగలిగేది బతిమాలడం ఒక్కటే. అదే సమావేశం సంక్రాంతి వెళ్లిన వారంలో, ఫ్యాక్టరీల నిల్వల లెక్క బల్ల మీద పెట్టుకుని, ఎగుమతి ఆర్డర్ల పరిస్థితి చెప్పుకుని జరిగితే దాని రూపమే వేరు. చెరువు కట్ట మీద నీళ్లు చూసి పంట నిర్ణయించుకున్న తాతల మనుమలకు గుజ్జు నిల్వ చూసి తోట నిర్ణయించుకోవడం చేతకాదని అనగలమా?

తిరుపతి నగరం గురించి రెండు మాటలు. ఇక్కడ కార్పొరేషన్ 2007లో ఏర్పడింది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెబుతుంది. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి 2.87 లక్షల దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఊరు ఎంత పెరిగిందో గల్లీల్లో తిరిగే ఆటోవాలాను అడిగినా చెబుతాడు గానీ, కాగితం మీద ఇంకా పాత అంకే. పైగా ఈ ఊళ్లో నివసించేవారి కంటే వచ్చిపోయేవారి అవసరాలే ఎప్పుడూ ముందు వరుసలో ఉంటాయి. అది స్వామి సన్నిధి, తప్పు పట్టను. కానీ ఆ వచ్చిపోయే భక్తుడికి టీ పోసి, పూలమూర అమ్మి, దువ్వెన అమ్మి బతికే తోపుడుబండి మనిషిది కూడా ఈ ఊరి ఆర్థిక వ్యవస్థే.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అలిపిరి దారిలో, గాంధీ రోడ్డులో, బస్టాండు చుట్టూ ఎక్కడ బండి నిలపవచ్చు, ఎక్కడ నిలపకూడదు అన్న ప్రతిపాదన ఆ కమిటీలో చర్చకు రావాలి. ఇక్కడా నా మాట అదే. ఎంతమంది వ్యాపారులు సర్వేలో నమోదయ్యారు, జోన్ల వారీగా ఎన్ని చోట్లు ఉన్నాయి, రుసుముగా ఎంత వసూలవుతోంది అన్న మూడు అంకెలు సమావేశానికి వారం ముందు తెలుగులో వాళ్ల చేతికి ఇవ్వకపోతే, ఆ 40 శాతం కుర్చీలు వట్టి అలంకారమే. ఈ చట్టం వచ్చి పదేళ్లు దాటినా దాని పేరు వినని బండ్లవాళ్లు నాకు ఈ ఊళ్లోనే ఎదురయ్యారు.

పనులు అయిపోయాక లెక్క అప్పజెప్పడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన రాష్ట్రం ఆ విషయంలో దేశానికి దారి చూపింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద 2006 నుంచే ఇక్కడ సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టరు రోలులోని, అంటే కూలీల హాజరు పట్టీలోని, పేర్లను ఊరి మధ్య గట్టిగా చదివితే, చనిపోయి ఆరేళ్లయిన మనిషి పనికి వచ్చినట్టు తేలిన సభలో నేనూ ఉన్నాను. జనం ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. కాకపోతే తనిఖీ జరిగేది డబ్బు ఖర్చయిన తర్వాత. దొంగను పట్టుకోవడానికి అది పనికొస్తుంది, రోడ్డా దారా అని తేల్చుకోవడానికి పనికిరాదు.

చివరగా ఆ తూర్పు మండలం ఊరి సభ దగ్గరికే మళ్లీ వస్తాను, చెప్పవలసింది కొంచెం మిగిలిపోయింది. చేతులెత్తడం అయిపోయాక నేను తీర్మానాల పుస్తకంలో అలవాటు కొద్దీ “సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది” అని రాశాను. ముప్పై ఏళ్లుగా రాసిన వాక్యం, చేయి దానంతట అదే రాసుకుపోయింది. శ్మశానం దారి గురించి మాట్లాడిన ఆ పెద్దామె నా బల్ల దగ్గరికి వచ్చి ఏం రాశావో చదవమంది. చదివాను.

“నేను ఒప్పుకోలేదే సామీ, అందరూ అని ఎట్ల రాస్తివి?” అంది.

“అవ్వా, ఎక్కువ మంది చేతులెత్తారు కదా” అన్నాను.

“ఎత్తినోళ్లు ఎత్తినారు. నేను ఎత్తల్యా. నా మాట గూడా రాయి” అంది.

ఆమె నిలబడే ఉంది. నేను “ఏకగ్రీవంగా” అన్న మాట కొట్టివేసి, “మెజారిటీతో” అని మార్చి, దళితవాడకు చెందిన సభ్యులు శ్మశానం దారికే ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలని కోరుతూ వ్యతిరేకించారని కింద రాసి, పొట్టి సంతకం పెట్టాను. ఆమె దాని పక్కన వేలిముద్ర వేసింది. మరుసటి ఏడాది ఆ పేజీ తెరిచి చూపించే దారి పనిని జాబితాలో మొదట పెట్టించుకున్నారు. నాకు బదిలీ అయ్యేనాటికి దారి సగం పడింది, మిగిలిన సగం పడిందో లేదో ఎవరైనా ఆ వైపు వాళ్లు ఈ సభలో ఉంటే నాకు చెప్పండి. ఆ కొట్టివేత మీద మాత్రం ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది, వివరణ ఇవ్వమన్నారు. సభలో ఏకగ్రీవం కాలేదు కాబట్టి కొట్టివేయడమైనదని రాసి ఇచ్చాను.